దుకాణం లెక్క కార్ఖానాకు తెలియాలి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు, వైద్యం, పెళ్ళిళ్ళకు సహాయం, విద్యార్థులకు వేతనాలు - ఇటువంటి విషయాలు మాట్లాడుకునే వేదిక మీద కంపెనీల సరఫరాలు, కంప్యూటర్ల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ సభను ఒకసారి కలయజూస్తే మా ఉద్దేశం బోధపడుతుంది. ఇక్కడ కిరాణా దుకాణాల వారున్నారు. చెప్పుల షాపుల వారు, గాజుల వ్యాపారులు, దర్జీలు, మెకానిక్కులు, స్పేర్ పార్టులు అమ్మేవారు ఉన్నారు. ఇంటిపట్టున కూర్చుని జరీ పని చేసే అక్కచెల్లెళ్ళున్నారు. వీరందరూ ఏదో ఒక పెద్ద గొలుసులో చిన్న లంకెలు. ఆ గొలుసు ఈనాడు ఏ విధంగా మారుతున్నదో తెలుసుకోకపోతే, సంఘం ద్వారా ఒక చేత్తో అందుకున్న సహాయాన్ని రెండో చేత్తో పోగొట్టుకున్నట్లవుతుంది. అందుచేత మాకు తెలిసినంతలో నాలుగు మాటలు మనవి చేయదలచాం.

ముందుగా గొలుసు అంటే ఏమిటో చూద్దాం. ఒక వస్తువు మన చేతికి రావాలంటే ముడిసరుకు ఇచ్చేవాడు ఒకడు, తయారు చేసేవాడు ఒకడు, ఏజెంటు ఒకడు, హోల్‌సేల్ వ్యాపారి ఒకడు, చివరకు దుకాణదారు ఒకడు. సరుకు పైనుంచి కిందికి వస్తుంది. డబ్బు కిందినుంచి పైకి పోతుంది. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మూడవది ఒకటున్నది - సమాచారం. ఏ సరుకు ఎంత అమ్ముడుపోయింది, ఎంత మిగిలింది అన్న కబురు. ఈ కబురు సరిగా పైకి పోకపోతే ఏమవుతుందో తెలిపే ఆట ఒకటి ఉన్నది.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో జే ఫారెస్టర్ అనే ఆచార్యుడు 1961లో ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ అనే గ్రంథం ప్రకటించారు. ఆయన ఆలోచనల నుంచి పుట్టిన ఆటను ఈనాటికీ వ్యాపార విద్యాలయాల్లో ఆడిస్తారు. వాళ్ళ దేశాచారం ప్రకారం ఆ ఆటలో సరుకు బీరు. మన సభకు తగినట్లు మనం దాన్ని సేమ్యా అనుకుందాం.

ఒక దుకాణంలో వారానికి 100 కిలోల సేమ్యా అమ్ముడుపోతున్నది. ఒక వారం 110 కిలోలు పోయింది. దుకాణదారు ఏం చేస్తాడు? పోయిన 110 నింపుకోవాలి. గిరాకీ పెరుగుతున్నట్లుంది గనుక ముందుజాగ్రత్తగా మరో 10 కలిపి 120 రాస్తాడు. హోల్‌సేల్ సేఠ్‌గారికి దుకాణంలో ఏం జరిగిందో తెలియదు. ఆయన కంటికి కనిపించేది 120 అన్న ఆర్డరు ఒక్కటే. ‘ఓహో, 20 పెరిగిందే!’ అని ఆయన 120కి ఇంకో 20 కలిపి 140 రాస్తాడు. ఏజెంటుకు 40 పెరిగినట్లు కనబడుతుంది. ఆయన 180 రాస్తాడు. కార్ఖానా యజమానికి 80 పెరిగినట్లు కనబడుతుంది; ఆయన 260 కిలోలు తయారు చేయిస్తాడు. రాత్రి షిఫ్టు పెట్టిస్తాడు, పిండి అప్పు మీద తెప్పిస్తాడు. కొన్నవారు అదనంగా కొన్నది 10 కిలోలు. కార్ఖానా అదనంగా చేసింది 160 కిలోలు!

మరుసటి వారం అమ్మకం మామూలుగా 100కి దిగుతుంది. అప్పుడు దుకాణదారు ఆర్డరు తగ్గిస్తాడు, సేఠ్‌గారు ఇంకా తగ్గిస్తాడు, ఏజెంటు అసలే వద్దంటాడు. కార్ఖానాలో పని ఆగిపోతుంది. కూలివాళ్ళను ఇంటికి పంపుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరి మట్టుకు వారు తెలివిగానే ప్రవర్తించారు. అయినా నష్టం జరిగింది. నష్టపోయినవారిలో అందరికంటే ముందు పని పోగొట్టుకున్నది రోజుకూలి మనిషి. సంక్షేమ సంఘం వేదిక మీద ఈ లెక్క చెప్పటానికి అదే కారణం.

దీనికి ఇంగ్లీషు వారు పెట్టిన పేరు ‘బుల్‌విప్’, అంటే చెర్నాకోల. పిడి దగ్గర చెయ్యి కాస్త కదిలితే కొస బారెడు దూరం ఊగుతుంది కదా! ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే పెద్ద కంపెనీ వారు పసిపిల్లలకు తొడిగే ‘పాంపర్స్’ విషయంలో దీన్ని కళ్ళారా చూశారు. పసిపిల్లలు ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ తడపరు గదా! దుకాణాల్లో అమ్మకం దాదాపు ఒకే తీరుగా ఉన్నది. పంపిణీదారుల ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ కంపెనీ తన ముడిసరుకు కోసం పంపే ఆర్డర్లు అంతకంటే ఎక్కువగా ఊగుతున్నాయి.

1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హౌ లీ, పద్మనాభన్, వాంగ్ అనే ముగ్గురు ఆచార్యులు దీనికి నాలుగు కారణాలు చెప్పారు. అవి మన బజారులో ఏ దుకాణదారునికైనా తెలిసినవే. మొదటిది, అసలు అమ్మకాన్ని చూడకుండా కిందివాడి ఆర్డరును చూసి అంచనా కట్టడం. రెండవది, లారీ నిండాలనో, కిరాయి కలిసివస్తుందనో కొద్దికొద్దిగా కాకుండా ఒకేసారి పెద్ద ఆర్డరు పెట్టడం. మూడవది, ధర తగ్గినప్పుడు మూడు నెలల సరుకు కొని పడేయడం, పెరిగినప్పుడు కొనడం మానడం. నాలుగవది, కరువు వచ్చినప్పుడు సగమైనా దక్కుతుంది గదా అని, 10 కావలసినవాడు 20 రాయడం.

ఈ జబ్బుకు మందు ఏమిటి? చివరి దుకాణంలో జరిగిన అమ్మకం, మిగిలిన నిల్వ - ఈ రెండు సంగతులూ గొలుసులో ఉన్న అందరికీ ఒకేసారి, ఉన్నది ఉన్నట్లు తెలియాలి. చెప్పటానికి ఒక్క వాక్యం. ఆచరణలోకి రావటానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదట వస్తువుకు ఒక గుర్తు కావాలి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్ మార్కెట్టులో రిగ్లీ వారి చూయింగ్ గమ్ ప్యాకెట్టు ఒకటి నల్లగీతల గుర్తు ద్వారా అమ్ముడయింది. దాని వెల 67 సెంట్లు. ఆ గీతలే బార్‌కోడు. ఏ వస్తువు ఎప్పుడు అమ్ముడుపోయిందో గుమాస్తా రాయనక్కరలేకుండా యంత్రమే రాసుకోవటం అక్కడ మొదలయింది.

తరువాత ఒక ఉమ్మడి భాష కావాలి. ఒక కంపెనీ కంప్యూటరు ‘డజను’ అంటే రెండో కంపెనీ కంప్యూటరుకు ‘12’ అని అర్థం కావాలి. అమెరికాలో రవాణా సంస్థలు 1968లోనే ఇందుకోసం ఒక కమిటీ ఏర్పాటు చేసుకున్నాయి. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన ‘ఎడిఫాక్ట్’ అనే అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. ఆర్డరు, బిల్లు, సరుకు పంపిన రసీదు - అన్నీ కాగితం లేకుండా ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకు పోయే ఏర్పాటు ఇది.

ఇక అసలు కథ. వాల్‌మార్టు అనే దుకాణాల సంస్థ, సబ్బులు, పాంపర్స్ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గాంబుల్ - ఇవి రెండూ ఒకదానికొకటి పెద్ద ఖాతాదారులే. అయినా వాటి మధ్య సంబంధం బేరం దగ్గర మొదలై బేరం దగ్గర ముగిసేది. అమ్మేవాడు ఎక్కువ అంటగట్టాలని, కొనేవాడు ధర విరవాలని చూసేవాడు. 1987లో వాల్‌మార్టు స్థాపకుడు శాం వాల్టన్, ప్రాక్టర్ అండ్ గాంబుల్ అమ్మకాల అధికారి లూ ప్రిచెట్ కలిసి అర్కన్సా రాష్ట్రంలో ఒక పడవ ప్రయాణం చేశారు. మనం ఒకరికొకరం శత్రువుల్లా ఎందుకున్నాం, నీ దుకాణాన్ని నా కార్ఖానాకు పొడిగింపు అనుకుంటే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడ కలిగింది. తరువాత తయారీ కంపెనీ తన మనుషులను - అమ్మకాలు, లెక్కలు, రవాణా, కంప్యూటర్లు తెలిసిన వారిని - తీసుకుపోయి వాల్‌మార్టు ప్రధాన కార్యాలయం దాపున కాపురం పెట్టించింది.

ఆ సంవత్సరమే వాల్‌మార్టు తన దుకాణాలన్నిటినీ కలిపే ఉపగ్రహ సమాచార వ్యవస్థను పూర్తి చేసింది. ప్రైవేటు వ్యవస్థలలో ఆనాడు అమెరికాలో అదే పెద్దది. పాంపర్స్ ఏ దుకాణంలో ఎన్ని పోయాయి, గోదాములో ఎన్ని ఉన్నాయి అన్న లెక్క నేరుగా తయారీ కంపెనీకి చేరేది. దుకాణం వారు ఆర్డరు రాయవలసిన పని లేకుండా, ఎంత సరుకు ఎప్పుడు పంపాలో తయారీదారే లెక్క చూసి పంపేవాడు. 1991లో ‘రిటైల్ లింక్’ అనే ఏర్పాటుతో ఈ కిటికీని మిగిలిన సరఫరాదారులకు కూడా తెరిచారు. తమ సరుకు ఏ ఊళ్ళో ఏ దుకాణంలో ఎంత కదిలిందో వారు తమ ఆఫీసులో కూర్చునే చూడగలిగారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. యంత్రాలు తెచ్చి ఊరుకోలేదు, పద్ధతులు కూడా మార్చుకున్నారు. ఇందాక చెప్పిన మూడవ కారణం, ధరల హెచ్చుతగ్గులు, గుర్తుంది గదా. 1990 దశకం మొదట్లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ తన ఆకర్షణ ధరలను బాగా తగ్గించి, రోజూ ఒకే తక్కువ ధర అనే విధానానికి మళ్ళింది. ధర ఊగకపోతే ఆర్డరు ఊగదు. ఆర్డరు ఊగకపోతే కార్ఖానా ఒకే తీరుగా నడుస్తుంది. ఈ పొత్తు ఇప్పటికీ నిలిచే ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో ఆ కంపెనీ మొత్తం అమ్మకాలలో సుమారు 15 శాతం ఒక్క వాల్‌మార్టు సంస్థకే జరుగుతున్నాయి.

ఇదంతా విని, కంప్యూటరు కొంటే కష్టాలు తీరుతాయని ఎవరూ అనుకోకూడదు. 2001వ సంవత్సరంలో జరిగిన రెండు సంగతులు చెబుతాం.

మొదటిది సిస్కో కంపెనీది. కంప్యూటర్లను కలిపే పరికరాలు తయారుచేసే కంపెనీ అది. తమ ఖాతాలను ఒక్క రోజులో ముగించి చూడగలమని చెప్పుకునేటంత సమాచార వ్యవస్థ వారిది. 2000లో గిరాకీ ఉప్పొంగినప్పుడు, సరుకు దొరకదేమోనని కొనేవారు ఒకటికి రెండు చోట్ల ఆర్డర్లు పెట్టారు. సిస్కోకు పరికరాలు చేసిపెట్టే పలు సంస్థలు అవే విడిభాగాల కోసం వేరువేరుగా ఆర్డర్లు పెట్టాయి. ఒకే గిరాకీ రెండుసార్లు, మూడుసార్లు లెక్కకెక్కింది. గిరాకీ పడిపోగానే అంతా బయటపడింది. 2001 మే నెలలో 225 కోట్ల డాలర్ల సరుకును ఆ కంపెనీ నష్టం కింద రాసుకోవలసివచ్చింది. లోపలికి పోయిన లెక్కే ఉబ్బుగా ఉంటే, యంత్రం ఆ ఉబ్బును మరింత వేగంగా మోసుకుపోతుంది.

రెండవ దానికి మన హైదరాబాదుతో సంబంధమున్నది. సరఫరా గొలుసులకు ప్రోగ్రాములు తయారుచేయటంలో 1990 దశకంలో ముందు వరుసలో నిలిచిన అమెరికా సంస్థ ‘ఐ2’. దాని స్థాపకులలో ఒకరైన సంజీవ్ సిద్ధు హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు చదివినవారు. 1988లో డల్లాసులో ఈ సంస్థను ప్రారంభించారు. బూట్లు చేసే నైకీ కంపెనీ ఐ2 ప్రోగ్రామును తెచ్చిపెట్టుకున్నది. కదలని రకాల బూట్లు కుప్పలుగా తయారయ్యాయి, జనం అడిగే రకాలు కరువయ్యాయి. 10 కోట్ల డాలర్ల మేర అమ్మకాలు దెబ్బతిన్నాయని నైకీ 2001 ఫిబ్రవరిలో ప్రకటించింది. తప్పు ప్రోగ్రాముదని ఒకరు, మేము చెప్పిన పద్ధతి పాటించలేదని మరొకరు అన్నారు. పాత అలవాట్లకు కొత్త ప్రోగ్రామును తొందరపడి తగిలిస్తే ఏమవుతుందో ఈ కథ చెబుతుంది. అయితే నైకీ ఆ దారి విడిచిపెట్టలేదు. సిబ్బందికి శిక్షణ ఇప్పించి, నిదానంగా సరిచేసుకున్నది.

కబురు ఒక మెట్టుతో ఆగిపోయినా ప్రమాదమే. 2020లో కరోనా వచ్చినప్పుడు కార్ల కంపెనీలు విడిభాగాల ఆర్డర్లు రద్దు చేశాయి. కారులో వాడే చిప్పులు తయారుచేసేవారు ఆ స్థలాన్ని ఫోన్లకు, కంప్యూటర్లకు ఇచ్చేశారు. గిరాకీ తిరిగి వచ్చేసరికి చిప్పు దొరకలేదు. కారు కంపెనీలకు తమకు నేరుగా సరఫరా చేసేవాడు తెలుసు గాని, వాడికి సరఫరా చేసేవాడి పరిస్థితి తెలియదు. 2021 సెప్టెంబరు నెలలో తన ఉత్పత్తి మామూలులో సుమారు 40 శాతమే ఉండవచ్చునని మారుతీ కంపెనీ ప్రకటించింది. కారు కోసం నెలల తరబడి ఎదురుచూసిన టాక్సీ సోదరులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడు మనకు దగ్గరి ప్రశ్నకు వద్దాం. సమాచారం పంచుకుంటే లాభమే. ఆ లాభం ఎవరికి? ఖర్చు ఎవరిది? ‘నా అమ్మకాల లెక్క సేఠ్‌గారికి చూపిస్తే రేపు ధర పెంచుతాడు, లేకపోతే పక్కవీధిలో తానే దుకాణం పెడతాడు’ అని మన దుకాణదారు భయపడతాడు. ఈ భయం ఉత్తది కాదు. 2003లో వాల్‌మార్టు తన 100 మంది పెద్ద సరఫరాదారులను, 2005 జనవరి నాటికి పెట్టెలకు రేడియో చీటీలు అంటించాలని ఆదేశించింది. చీటీల ఖర్చు సరఫరాదారుల నెత్తిన పడింది, లాభం ఎక్కువగా దుకాణానిది. ఆ పథకం అనుకున్నట్లు సాగలేదు. ఇంకొకటి. తన వేదిక మీద అమ్ముకునే చిన్న వ్యాపారుల అమ్మకాల సమాచారాన్ని అమెజాన్ తన సొంత అమ్మకాలకు వాడుకుంటున్నదని యూరోపియన్ కమిషన్ 2020లో ఆరోపించింది. అమెజాన్ ఆ ఆరోపణను అంగీకరించలేదు. అయినా అటువంటి సమాచారాన్ని వాడబోమని హామీ ఇవ్వగా, 2022 డిసెంబరులో కమిషన్ దానికి చట్టబద్ధత కల్పించింది. కనుక సమాచారం ఇచ్చేటప్పుడు దేనికి ఇస్తున్నాం, బదులుగా మనకేం తెలుస్తుంది అని అడగడం మన హక్కు. ఒకవైపు నుంచే పోయే కబురును పంచుకోవడం అనరు, అప్పగించడం అంటారు.

మన దేశంలో కూడా ఈ గొలుసు బిగిసింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు ఉండాలి. 2022 జనవరి 1 నుంచి మరొక నిబంధన వచ్చింది. అమ్మినవాడు తన బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిస్తేనే కొన్నవాడికి పన్ను జమ దక్కుతుంది. దీని ఫలితమేమిటో ఆలోచించండి. పని ఎంత బాగా చేసినా, బిల్లు సరిగా ఎక్కించని చిన్న సరఫరాదారు దగ్గర పెద్ద కంపెనీ కొనదు. ఆ నష్టం ఎవరూ వచ్చి చెప్పరు. ఆర్డరు రాదు, అంతే.

అదే లెక్క సక్రమంగా ఉంటే మేలు కూడా ఉన్నది. 2006 నాటి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలు తయారుచేసిన సరుకుకు, చేసిన సేవకు, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. చిన్న సంస్థల బిల్లులను పెద్ద కంపెనీ ఒప్పుకుంటే, బ్యాంకులు పోటీపడి ముందుగానే సొమ్ము ఇచ్చే ‘ట్రెడ్స్’ వేదికలు 2017 నుంచి నడుస్తున్నాయి. 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల కంపెనీలు 2025 మార్చి 31 లోగా వీటిలో చేరాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా మన డబ్బు మనకు ముందుగా వచ్చే దారి ఇది. కాని ఆ దారిలోకి పోవటానికి కావలసిన టిక్కెట్టు ఒకటే, శుభ్రమైన లెక్క.

కనుక మేము కోరేవి నాలుగే సంగతులు. ఒకటి, ప్రతి దుకాణదారు, ప్రతి కార్ఖానాదారు ఏ రోజు అమ్మకం ఆ రోజు, వారాంతపు నిల్వ వారాంతాన రాసుకోవాలి. పుస్తకంలోనైనా సరే, ఫోనులోనైనా సరే. రెండు, నమ్మకమైన ఒక్క సరఫరాదారుతోనైనా ఆ లెక్క వారం వారం పంచుకుని చూడాలి. దానికి లక్షల యంత్రం అక్కరలేదు, జేబులో ఉన్న ఫోను చాలు. బదులుగా ఆయన దగ్గర నిల్వ ఎంతుందో, సరుకు ఎప్పుడొస్తుందో అడిగి తెలుసుకోవాలి. మూడు, కరువు రోజుల్లో కూడా 10 కావాలంటే 10 అనే రాయాలి. ఉబ్బించిన ఆర్డరు ఒకసారి పని చేస్తుంది. రెండోసారి మన మాట ఎవరూ నమ్మరు. నాలుగు, ఇంటివద్ద జరీ పని చేసే స్త్రీలకు ఏ రంగు, ఏ నమూనా దుకాణంలో కదులుతున్నదో నేరుగా తెలిసే ఏర్పాటు జరగాలి. ఇప్పుడు వారికి తెలిసేది మధ్యవర్తి చెప్పినంతే. పండుగకు నెల ముందు రాత్రీ పగలూ పని, పండుగ కాగానే చేతిలో పని లేకపోవడం - ఇందులో కొంత ఆ చెర్నాకోల కొస తగలటం వల్లనే.

సంఘం వారికి మా మనవి ఒకటి. కుట్టు మిషన్లు ఇస్తున్నారు, చాలా మంచి పని. మిషనుతో పాటు రెండు నెలల లెక్కల శిక్షణ కూడా ఇప్పించండి. మన కాలేజీ పిల్లల్లో కామర్సు, కంప్యూటరు చదివిన వారున్నారు. సెలవుల్లో ఒక్కొక్కరు నలుగురు చిన్న వ్యాపారులకు బిల్లు ఎక్కించడం, నిల్వ రాయడం నేర్పితే చాలు. పిల్లలకు అనుభవం, పెద్దలకు ఆసరా.

పడవలో కూర్చుని మాట్లాడుకున్న ఆ ఇద్దరి వెనుక ఉపగ్రహాలున్నాయి, కోట్ల డబ్బు ఉంది. మన దగ్గర అవి లేవు. కాని ఒకరి లెక్క ఒకరికి చూపుకుని, చూపినవాణ్ణి మోసం చేయకుండా ఉండటానికి కోట్లు అక్కరలేదు. అది మన చేతిలోనే ఉన్నది.